నాజిల్ పెట్టే ముందు ఒక్క మాట అడగండి: చమురు కంపెనీల అధికారులకి, బంకు డీలర్లకి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రభుత్వ రంగ చమురు కంపెనీల అధికారులకి, పెట్రోల్ బంకుల డీలర్లకి, పౌరసరఫరాల శాఖ, తూనికలు కొలతల శాఖ అధికారులకి,

నమస్కారం. పండగలకి కూడా సెలవు లేకుండా బంకులు తెరిచి ఉంచుతున్నందుకు ముందుగా థాంక్స్. ఇక నేరుగా విషయంలోకి వస్తాను: బంకుల్లో మమ్మల్ని అడక్కుండానే నార్మల్ పెట్రోల్ బదులు రేటు ఎక్కువున్న ప్రీమియం పెట్రోల్ పోస్తున్నారు. ఇదే విషయం బంకులో చెప్పాను, ఫిర్యాదుల పుస్తకంలో రాశాను, టోల్ ఫ్రీ నంబర్‌కి రెండుసార్లు చేశాను, ఎక్కడా ఎవరూ వినలేదు, అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

నాలుగు నెలల కిందటి సంగతి. ఇంట్లో ఐదుగురం గుంటూరు నుంచి శ్రీశైలం బయల్దేరాం, నరసరావుపేట, వినుకొండ మీదుగా దోర్నాల ఘాట్. నాది 2015 మోడల్ చిన్న కారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. తెల్లారుజామున ఐదింటికి ఊరు దాటకముందే ఒక బంకులో ఆపి "ఫుల్ చెయ్ తమ్ముడూ" అన్నాను. "జీరో చూస్కోండి సార్" అన్నాడు, చూశాను, జీరో ఉంది. అందరం జీరోనే చూస్తాం కదా, చిన్నప్పటి నుంచి అదే అలవాటు చేశారు. పక్కనే ఉన్న రేటు మాత్రం చూడలేదు. డబ్బులు కట్టాక బిల్లు చూస్తే లీటరుకి తొమ్మిది రూపాయల చిల్లర ఎక్కువ పడింది, ముప్ఫై లీటర్లకి 270 దాటింది. ఇదేంటని అడిగితే "నార్మల్ స్టాక్ లేదు సార్, అయినా మీ బండికి ఇదే మంచిది, ఇంజన్ క్లీన్ అవుద్ది" అన్నాడు. ఆ మాట అంటుండగానే అవతలి పంపు దగ్గర ఒక ఆటోకి నార్మల్ కొడుతున్నారు, నేను నా కళ్ళతో చూశాను. మేనేజర్ దగ్గరికి వెళ్తే "ట్యాంకులో పడిపోయింది కదండీ, ఇప్పుడేం చేస్తాం" అన్నారు. ఫిర్యాదుల పుస్తకం అడిగితే ముందు లేదన్నారు, గట్టిగా అడిగితే లోపల్నుంచి తెచ్చారు. అందులో రాశాను. టోల్ ఫ్రీకి చేశాను. మూడో రోజు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని. నాకు ఎవరూ ఫోన్ చేయలేదు, ఏం జరిగిందని ఎవరూ అడగలేదు, ఏం పరిష్కరించారో ఇప్పటికీ నాకు తెలీదు. మళ్ళీ చేశాను, మళ్ళీ అదే మెసేజ్.

ఆ బంకు పేరు, కంపెనీ పేరు ఇక్కడ రాయట్లేదు. ఇది ఒక్క బంకుతో నాకున్న గొడవ కాదు. ఆఫీసులో చెప్తే అక్కడున్న ఏడుగురిలో ఐదుగురు నాకూ ఇలాగే అయ్యింది అన్నారు, ఖమ్మంలో ఉండే మా పిన్ని కొడుకు కూడా ఇదే చెప్పాడు. ఒక్కొక్కరు 50, 100, 270 పోగొట్టుకుని, పనికి లేటవుతుందని ఊరుకుని వెళ్ళిపోయినవాళ్ళే.

ప్రీమియం పెట్రోల్ దండగ అని నేను అనట్లేదు, ఇది ముందే చెప్తున్నాను. దాని అవసరం ఉన్న బళ్ళు ఉన్నాయి. అయితే ఏ బండికి అవసరం, ఏ బండికి కాదు అనేది మీకు బాగా తెలుసు, మాకు చెప్పట్లేదు. ఆ ఘటన తర్వాత నేను చదువుకుని, ఆటోనగర్‌లో మా మెకానిక్‌ని అడిగి తెలుసుకున్నది నాలాంటి వాళ్ళ కోసం ఇక్కడ రాస్తాను, తప్పుంటే మీరే సరిదిద్దండి.

91, 95 అని మీరు రాసే నంబర్ ఆక్టేన్. అది పెట్రోల్ బలం కాదు, నాణ్యతకి మార్కులూ కాదు. సిలిండర్లో పెట్రోలు, గాలి కలిసి బాగా నొక్కుకున్నప్పుడు స్పార్క్ ప్లగ్ నిప్పు అంటించాలి, ఆ మంట ఒక పక్కనుంచి సాఫీగా పాకాలి. అలా కాకుండా ఆ వేడికి, ఒత్తిడికి ఏదో ఒక మూల తనంతట తానే భగ్గుమంటే ఇంజన్లో టకటకమని చప్పుడొస్తుంది, దాన్నే నాకింగ్ అంటారు. అలా తొందరపడి అంటుకోకుండా పెట్రోల్ ఎంత ఓర్చుకుంటుందో చెప్పేదే ఆక్టేన్. టర్బో ఉన్నవి, కంప్రెషన్ ఎక్కువ ఉన్న ఇంజన్లు బాగా నొక్కుతాయి కాబట్టి వాటిలో కొన్నిటికి 95 కావాలి, కంపెనీవాళ్ళే మాన్యువల్‌లో, పెట్రోల్ మూత లోపల స్టిక్కర్ మీద రాస్తారు. అలాంటి బండిలో తక్కువ ఆక్టేన్ పోస్తే నాక్ సెన్సర్ కనిపెట్టి బండిలోని కంప్యూటర్ నిప్పు అంటించే సమయాన్ని (ఇగ్నిషన్ టైమింగ్) కాస్త ఆలస్యం చేస్తుంది, పికప్, మైలేజ్ కొంచెం తగ్గుతాయి. వాళ్ళు ప్రీమియం కొట్టించుకోవడం న్యాయమే. మామూలు కారుకి, వంద సీసీ బండికి మాన్యువల్‌లో 91 చాలని ఉంటే మాత్రం 95 పోసినంత మాత్రాన పవర్ పెరగదు, ఎందుకంటే ఆ ఇంజన్ అంత నొక్కదు, ఆ ఓర్పుతో దానికి పనే లేదు. నా కారు మాన్యువల్ అప్పటిదాకా ఎప్పుడూ తెరవలేదు, ఆ రోజు రాత్రి తెరిచి చూశాను, 91 లేదా అంతకంటే ఎక్కువ అని స్పష్టంగా ఉంది.

దోర్నాల ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ వేసి, ఐదుగురితో, నాలుగో గేర్‌లో లాగితే నా కారు టకటకలాడుతుంది. ఆ రోజు ప్రీమియం ఉంది కాబట్టి తేడా వస్తుందేమో అని చెవి పెట్టి విన్నాను, నాలుగో గేర్‌లో అదే చప్పుడు, మూడో గేర్‌కి దించగానే పోయింది. మా మెకానిక్ ఎప్పట్నుంచో చెప్పేదీ అదే, గేర్ దించు, ఎయిర్ ఫిల్టర్ మార్చు, టైర్లలో గాలి చూసుకో, డబ్బులు పెట్రోల్ మీద పెట్టకు అని. తర్వాత కావాలనే రెండు ట్యాంకులు ప్రీమియం, మూడు ట్యాంకులు నార్మల్ కొట్టించి కిలోమీటర్లు రాసుకున్నాను, రెండింటికీ లీటరుకి పదిహేడు దగ్గరే వచ్చింది. ఒక్క కారు లెక్క అందరికీ వర్తిస్తుందని అనను, నా జేబు వరకు నాకు తెలిసింది చెప్తున్నాను.

అమెరికాలో కూడా ఈ ఖర్చు ఉంది. అక్కడి ఆటోమొబైల్ అసోసియేషన్ ట్రిపుల్ ఏ 2016లో లెక్క తీస్తే, రెగ్యులర్ చాలని రాసున్న కార్లలో ప్రీమియం పోసి జనం ఏడాదిలో 210 కోట్ల డాలర్లు అనవసరంగా ఖర్చు పెట్టారని తేలింది. అయితే అక్కడ ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి, 1979 నుంచి చట్టప్రకారం ప్రతి పంపు మీదా పసుపు రంగు స్టిక్కర్‌తో ఆక్టేన్ నంబర్ వేయాలి. ఎవరు ఏది కొట్టించుకున్నా చూసి, తన చేత్తో బటన్ నొక్కి కొట్టించుకుంటారు. డల్లాస్‌లో ఉండే మా బావమరిది ఫోన్‌లో "మా దగ్గర రెగ్యులర్ 87యే బావా, మీ 91 మాకు ప్రీమియంతో సమానం" అన్నాడు, మా వాట్సాప్ గ్రూపులో చాలామంది అదే నిజమనుకున్నారు. అది కరెక్ట్ కాదు. వాళ్ళు కొలిచే పద్ధతి వేరు, రెండు రకాల పరీక్షలు చేసి సగటు వేస్తారు, మనం ఒక్క పరీక్ష నంబరే రాస్తాం. మన 91 అంటే దాదాపు వాళ్ళ 87. అంటే వాళ్ళు మామూలు టయోటా కార్లలో రోజూ పోసేదీ, మన 91 నార్మలూ ఆక్టేన్ విషయంలో ఒకటే.

ఇప్పుడు అసలు ప్రశ్న. 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖ ఇథనాల్ గురించి ఇచ్చిన వివరణలో, మన మామూలు పెట్రోల్ ఆక్టేన్ ఒకప్పుడు 88, తర్వాత 91, ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20తో 95కి పెరిగింది అని చెప్పింది. ఇథనాల్ ఆక్టేన్ 108 పైనే కాబట్టి అది అర్థమయ్యే సంగతే. మరి మామూలు నాజిల్లో వచ్చేదే 95 అయితే, పక్కన 95 అని రాసి లీటరుకి ఎనిమిది తొమ్మిది రూపాయలు ఎక్కువ తీసుకుంటున్న నాజిల్లో ఏముంది? ఇంజన్ శుభ్రం చేసే యాడిటివ్‌లు ఉన్నాయంటారు, ఉంటే ఉండనివ్వండి, అవి ఏంటి, ఎంత, మామూలు దాంట్లో అవి లేవా, అవి లేకపోతే నా ఇంజన్‌కి నష్టమా? ఇవి బోర్డు మీద నాలుగు లైన్లు తెలుగులో రాస్తే అయిపోయే సంగతులు. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదు?

దీనివల్ల మామూలు జనానికి ఏమవుతుందో ఇప్పుడు వరసగా చెప్తాను.

1. అందరికంటే ఎక్కువ నష్టపోయేది కారువాళ్ళు కాదు, టూవీలర్ వాళ్ళు. వాళ్ళు లీటర్లలో అడగరు, "వంద కొట్టు", "రెండొందలు కొట్టు" అంటారు. కట్టేది అదే వంద, అదే రెండొందలు, అందుకని రేటు మారిందని తెలియనే తెలియదు, పెట్రోల్ తగ్గుతుంది. లెక్క కోసం నార్మల్ 110, ప్రీమియం 119 అనుకోండి. రోజూ రెండొందలు కొట్టించే ఫుడ్ డెలివరీ కుర్రాడికి నార్మల్ అయితే 1.82 లీటర్లు వస్తుంది, ప్రీమియం అయితే 1.68. నెలకి ఇరవై ఆరు రోజులంటే మూడున్నర లీటర్ల పైన పోయినట్టు, దాదాపు 390 రూపాయలు. ఆ కుర్రాడు బండి మైలేజ్ తగ్గిందనుకుని షెడ్డుకి తీసుకెళ్తాడు, అక్కడ ఇంకో ఖర్చు. ఈ పాయింట్ మీద నాకు చాలా బాధగా ఉంది, మా వీధిలోనే అలాంటి కుర్రాళ్ళు నలుగురున్నారు, నేను చెప్పేదాకా వాళ్ళకి రెండు రేట్లు ఉంటాయనే తెలీదు.

2. పాత బండ్లవాళ్ళ భయం. ఈ20 వచ్చాక మైలేజ్ తగ్గిందని, రబ్బరు పైపులు పాడవుతాయని జనంలో ఒక గుబులు ఉంది. పది శాతం ఇథనాల్‌కి చేసిన బళ్ళలో మైలేజ్ కొంత తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది. 2023 ఏప్రిల్‌కి ముందు, అంటే ఈ20కి తగ్గట్టు చేసిన బళ్ళు రాకముందు, కొన్న బండి ఉన్నవాళ్ళు ఇంకా ఎక్కువ భయపడుతున్నారు. "ప్రీమియం కొట్టించుకోండి, అందులో ఇథనాల్ ఉండదు" అని బంకుల్లో నోటిమాటగా చెప్పడం నేను విన్నాను. ప్రీమియం అనే పేరున్నంత మాత్రాన ఇథనాల్ లేనట్టు కాదు. ఎక్స్‌పీ100 లాంటి వంద ఆక్టేన్ రకం వేరు, దాని రేటు వేరు, అది అన్ని బంకుల్లో దొరకదు. 95 కొట్టించుకుని ఇథనాల్ తప్పించుకున్నాం అనుకునే రిటైర్డ్ మాస్టార్లు, పెన్షన్ మీద బతికే వాళ్ళు ప్రతి లీటరుకీ ఆ భయానికి డబ్బులు కడుతున్నారు.

3. పన్ను. మన రాష్ట్రంలో పెట్రోల్ మీద 31 శాతం వ్యాట్, ఆ పైన లీటరుకి నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు ఒక రూపాయి. తెలంగాణలో 35.20 శాతం. వ్యాట్ శాతంలో ఉంది కాబట్టి ప్రీమియం మీద పెరిగిన ధరకి కూడా పడుతుంది, తొమ్మిది రూపాయల తేడాలో రెండు రూపాయల పైన అదే. ఇష్టపడి కొనుక్కున్నవాడు కడితే సరే, అడక్కుండా పోసినవాడి దగ్గర కూడా అదంతా పోతోంది.

4. పెట్రోల్‌తో నడిచే ఆటోలు, టాటా ఏస్ బళ్ళు, స్కూల్ వ్యాన్లు నడిపే వాళ్ళకి స్టాండ్ కిరాయి ఒకటే, పెట్రోల్ పెరిగితే ఆ తేడా వాళ్ళ ఇంటి ఖర్చులోంచి పోవాల్సిందే.

5. బంకులో పనిచేసే కుర్రాళ్ళు. వీళ్ళ మీద నాకు కోపం లేదు. తర్వాత ఒక రోజు టీ తాగుతూ వేరే బంకు కుర్రాడితో మాట్లాడితే, రోజుకి ఇంత ప్రీమియం అమ్మాలి అని చెప్తారన్నా, అమ్మకపోతే మాటలు పడాలి అన్నాడు. ఎండలో పన్నెండు గంటలు నిలబడి, పెట్రోల్ ఆవిరి పీల్చుకుంటూ, కస్టమర్ చేత తిట్లు తింటూ, పైన మేనేజర్ చేత మాటలు పడుతూ బతుకుతున్న పిల్లల చేత అబద్ధం ఆడించడం న్యాయమేనా అండీ.

ఇంక మేం అడుగుతున్నవి. కొత్త చట్టాలు అక్కర్లేదు. సరుకు గురించి, ధర గురించి తెలుసుకునే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. గాలి, తాగే నీళ్ళు, టాయిలెట్, ఐదు లీటర్ల కొలత పాత్ర, ఫిల్టర్ పేపర్ పరీక్ష ఇవన్నీ మీ నియమాల్లోనే ఉన్నాయి, అడిగితే చాలా బంకుల్లో ఇస్తున్నారు కూడా. అదే దారిలో ఇవి కూడా చేయండి:

1. నాజిల్ పెట్టే ముందు "జీరో చూసుకోండి" అన్నట్టే "నార్మలా ప్రీమియమా, రేటు ఇంత" అని అడగడం తప్పనిసరి చేయాలి. కస్టమర్ ఏమీ చెప్పకపోతే నార్మలే పోయాలి.

2. ప్రతి నాజిల్ పక్కన మనిషి కంటికి ఆనే ఎత్తులో, పెద్ద తెలుగు అక్షరాల్లో, ఆ పెట్రోల్ పేరు, ఆక్టేన్ నంబర్, ఇథనాల్ శాతం, లీటర్ రేటు రాయాలి. ఎక్స్‌పీ, స్పీడ్, పవర్ అని బ్రాండ్ పేరొక్కటే ఉంటే చదువుకున్నవాళ్ళకే అర్థం కావట్లేదు, మా అమ్మకి ఎలా అర్థమవుతుంది?

3. నార్మల్ నిజంగా అయిపోతే బంకు గేటు దగ్గరే బోర్డు పెట్టాలి, బండి లోపలికి వచ్చి మూత తీశాక చెప్పకూడదు. మీ ట్యాంకుల్లో ఎంత ఉందో ఆటోమేషన్‌లో మీకు కనిపిస్తూనే ఉంటుంది, కాబట్టి స్టాక్ లేదన్న రోజు నిజంగా లేదో కాదో మీ ఆఫీసులో కూర్చునే చూడొచ్చు. అలా చూసి అబద్ధమని తేలితే డీలర్ మీద చర్య తీసుకోండి, కుర్రాడిని తీసేసి చేతులు దులుపుకోవద్దు.

4. అడక్కుండా ప్రీమియం పోస్తే నార్మల్ రేటే తీసుకోవాలి. పోసింది వెనక్కి తీయలేరు, ఒప్పుకుంటాను, ఒకదాంట్లో ఒకటి కలిసినా ఇంజన్‌కి ఏమీ కాదు, ఆ తేడా డబ్బులు మాత్రం కస్టమర్ నెత్తిన వేయడానికి వీల్లేదు.

5. కుర్రాళ్ళ మీద ప్రీమియం టార్గెట్లు ఎత్తేయాలి. మీ సరుకు మంచిదైతే దాని గురించి నిజం చెప్పి అమ్మండి, కావాల్సినవాళ్ళు కొనుక్కుంటారు.

6. ఫిర్యాదు చేసినవాడితో మాట్లాడకుండా ఫిర్యాదు మూసేయొద్దు. కనీసం ఒక ఫోన్, ఏం చేశారో ఒక లైన్.

7. ఈ20 పెట్రోల్ ఆక్టేన్ 95 అని ప్రభుత్వమే చెప్పాక 95 ప్రీమియం దేనికి, ఏ బళ్ళకి అనేది మూడు ప్రభుత్వ రంగ చమురు కంపెనీలూ తెలుగులో ప్రకటన ఇవ్వాలి. ఇది నా మొదటి డిమాండ్ కావాల్సింది, చివర్లో రాశాను, దయచేసి చిన్నదిగా చూడొద్దు.

తూనికలు కొలతల శాఖ వాళ్ళకి విడిగా ఒక మాట. మీరు బంకులకి వెళ్ళి లీటరుకి లీటరు వస్తోందో లేదో చూస్తున్నారు, మంచిది. ఆ రోజు నాకు కొలతలో తేడా రాలేదు, ముప్ఫై లీటర్లు సరిగ్గానే పోసి ఉంటారు. మోసం కొలతలో లేదు, చెప్పకుండా పోయడంలో ఉంది. మీ తనిఖీలో ఒక అరగంట మామూలు కస్టమర్ లాగా టూవీలర్ మీద వెళ్ళి "వంద కొట్టు" అని చూడండి.

కార్లు, బైకులు అమ్మే షోరూమ్ వాళ్ళు కూడా ఇది చదివితే, బండి తాళాలు ఇచ్చే రోజు ఫోటో తీసి కొబ్బరికాయ కొట్టించే టైంలో ఒక్క నిమిషం పెట్రోల్ మూత తెరిచి, మీ బండికి ఇది చాలు అని చూపించండి. ఆ స్టిక్కర్ తెలుగులో కూడా ఉంటే ఇంకా బాగుంటుంది.

నా బిల్లు, ఫిర్యాదుల పుస్తకంలో నేను రాసిన పేజీ ఫోటో, రెండు మెసేజ్‌లు అన్నీ దాచి ఉంచాను. వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్ఎస్‌కి వెళ్ళి ఈ లేఖ కాపీతో అర్జీ ఇస్తున్నాను, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చేస్తున్నాను. ఇలాగే జరిగినవాళ్ళు బిల్లు ఉంటే తీసుకుని రండి, బిల్లు తీసుకోని వాళ్ళు ఈసారి నుంచి తప్పకుండా అడిగి తీసుకోండి, అందులో పెట్రోల్ రకం, లీటర్ రేటు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. అధికారులు నెల రోజుల్లోపు జవాబు ఇస్తే దాన్ని కూడా ఇలాగే అందరికీ కనిపించేలా పెడతాను.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక వినియోగదారుడు